కుడివైపు చెప్పిన మాట

"ఇది బాగుందా? లేక... ఇది బాగుందా?"

రిమోట్‌తో పాటను ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు మారుస్తూ అడిగింది ఆమె. సోఫాలో కూర్చున్న అబ్బాయి ఫక్కున నవ్వాడు.

ఆమెకు ఒళ్ళు మండింది. బయట వాన. మధ్యాహ్నం నుంచీ షాపుకు వచ్చింది ఇతనొక్కడే. అదీ గొడుగు మూయడం మరిచిపోయి, గుమ్మంలో ఇరుక్కుని, డోర్‌మ్యాట్ మీద చిన్న చెరువొకటి చేసి మరీ లోపలికి వచ్చాడు.

"నవ్వడానికి ఏముందండీ ఇందులో?"

"సారీ అండీ! ఈ మాట పొద్దున్నుంచి నేనే ఓ ముప్పైసార్లు అనుంటాను. నన్నెవరైనా అడగడం మాత్రం ఇదే మొదటిసారి."

"మీరేం చేస్తుంటారు?"

"కళ్ళద్దాల షాపు. ఈ వీధి చివర, మలుపులో. లెన్సు మార్చడం, అడగడం. ఇది బాగుందా, ఇది బాగుందా. రాత్రి కలలో కూడా అదే."

ఆమెకు నవ్వొచ్చింది కానీ పెదవుల దగ్గరే ఆపేసింది. కొనేదాకా నవ్వకూడదని బాబాయి నేర్పిన పాఠం.

ఆ ఆడియో షాపు బాబాయిది. ముందు గదిలో స్పీకర్లు, ఆంప్లిఫయర్లు, వైర్ల చుట్టలు. వెనక డెమో గది. గోడలకు దళసరి గుడ్డ, మూలన పసుపు దీపం, ఎదురుగా రెండు స్పీకర్లు, మధ్యలో ఒక మెత్తటి సోఫా. తలుపు మూస్తే వీధి, హారన్లు, వాన అన్నీ ఎక్కడికో వెళ్ళిపోతాయి. ఆరేళ్ళుగా ఆ గదికి ఆమే రాణి. ఎవరేం మాట్లాడినా తల ఒక పక్కకు వాల్చి వింటుందని బాబాయి ఆమెకు పిచ్చుక అని పేరు పెట్టాడు. ఇంట్లోనూ షాపులోనూ అదే ఖాయమైపోయింది.

ఆ తల వాల్చడం వెనక సంగతి ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. ఏడో ఏట వచ్చిన జ్వరం ఆమె కుడి చెవిని పూర్తిగా పట్టుకుపోయింది. పనిచేసేది ఎడమ చెవి ఒక్కటే. అందుకే డెమో గదిలో ఎప్పుడూ సోఫాకు కుడి చివర నిలబడుతుంది. అలాగైతే కూర్చున్న మనిషి ఆమెకు ఎడమవైపు ఉంటాడు, అతను గొణిగినా వినపడుతుంది. ఒంటి చెవి పిల్ల, రెండు చెవులతో వినాల్సిన స్టీరియో అమ్ముతోందని తెలిస్తే షాపు గడప ఎవరైనా తొక్కుతారా? ఆ భయం ఆమెను ఏనాడూ వదల్లేదు.

"సరే, అసలు మీకేం కావాలో చెప్పండి," అంది.

"మా అమ్మ దగ్గర పదకొండు అట్టపెట్టెల సీడీలున్నాయండీ. మంచం కింద, బీరువా పైన, ఈమధ్య నా మంచం మీద కూడా. వాటి మీద అక్షరాలేమో చీమ తలకాయలంత. అమ్మకి కనపడవు. ఒక పాట కావాలంటే ఇల్లంతా తిరగెయ్యాలి. అవన్నీ ఒక్కదాంట్లో వేసే మెషిన్ ఉంటుందట కదా?"

"మ్యూజిక్ సర్వర్. మీ సీడీలన్నీ కడుపులో దాచుకుంటుంది. ఫోన్‌లో పాట పేరు మీద వేలు పెడితే చాలు, పాడేస్తుంది. కూర్చోండి, వినిపిస్తాను."

ఒక వయొలిన్ కచేరీ పెట్టింది. అతను కళ్ళజోడు తీసి, కళ్ళు మూసుకుని విన్నాడు. కళ్ళజోడు లేని ఆ మొహం నిద్రపోతున్న పసివాడిలా ఉంది. ఆమె చూపు తిప్పుకుంది. మళ్ళీ చూసింది.

"వయొలిన్ కుడివైపు నుంచి వస్తోంది కదండీ?"

ఆమె గుండె ఝల్లుమంది. శబ్దం ఎటునుంచి వస్తోందో ఒంటి చెవికి తెలియదు, అందుకే ఇలాంటి ప్రశ్నలకు జవాబులు ఎప్పుడో బట్టీ పట్టి పెట్టుకుంది. ఈ పాటలో వయొలిన్ ఎడమవైపు.

"ఎడమవైపండీ."

"నాకు కుడివైపు వినిపిస్తోందే?"

"ఆరేళ్ళుగా ఇదే పని చేస్తున్నానండీ నేను."

వాదన తేలకముందే బాబాయి తలుపు తీసుకుని లోపలికి వచ్చాడు. సంగతి విని, స్పీకర్ల వెనక వంగి చూసి నాలుక కరుచుకున్నాడు. "పొద్దున తుడిచినప్పుడు వైర్లు అటూ ఇటూ పెట్టేసినట్టున్నాను."

పిచ్చుక మొహం కందిపోయింది. అతను మాత్రం కళ్ళజోడు చొక్కా అంచుతో తుడుచుకుంటూ, "వచ్చే శనివారం కూడా రావచ్చా?" అన్నాడు.

వచ్చాడు. ఆ పై శనివారం కూడా వచ్చాడు.

షాపులో ఉన్న సర్వర్లు మూడు. మొదటిది నల్లటి అద్దంలా మెరిసిపోతుంది, కానీ స్క్రీన్ లేదు, ఫోన్ చేతిలో లేకపోతే అది వట్టి బొమ్మ. రెండోదానికి లోపల ఫ్యాన్. పాట నెమ్మదించినప్పుడల్లా అది గొంతు సవరించుకుంటుంది. మూడోది పాతకాలం క్యారేజీలా అనాకారి. కానీ సీడీ దాని నోట్లో పెడితే చాలు, పది నిమిషాల్లో మింగేసి బయటికి తోసేస్తుంది. ముందువైపు వెడల్పాటి స్క్రీన్, బొటనవేలంత అక్షరాలు.

"మీ అమ్మగారికైతే ఇదే," అంది పిచ్చుక నిజాయితీగా. "మిగతా రెండూ చూడటానికి బాగుంటాయి. ఇది ఆవిడకి కనపడుతుంది."

అతను మూడింటినీ మార్చి మార్చి విన్నాడు. ఒక్కో పాటా నాలుగేసిసార్లు. తలుపు పక్కన బాబాయి సణిగాడు. "ఏమే పిచ్చుకా, ఈ కళ్ళద్దాల అబ్బాయి కొంటాడా, మన సోఫా అరగ్గొడతాడా?"

"మంచి కస్టమర్లు ఆలోచించే కొంటారు బాబాయ్."

"ఓహో!" అన్నాడు బాబాయి. ఆ ఓహోలో చాలా ఉంది.

నాలుగో శనివారం వెళ్ళబోతూ అతను గుమ్మంలో ఆగాడు. "మీతో ఒక మాట చెప్పాలండీ. చాలా రోజులుగా అనుకుంటున్నాను."

ఆమె ఊపిరి బిగబట్టింది.

"మీ తల ఎప్పుడూ ఒక పక్కకే వాలుతుంది. రెండు కళ్ళ పవర్లో తేడా ఉంటే అలా అవుతుందండీ. ఒకసారి మా షాపుకి రండి, చూస్తాను."

ఆమె బిగబట్టిన ఊపిరి నవ్వై బయటికి వచ్చింది. వెళ్ళనవసరం లేదని తెలుసు. అయినా మర్నాడే వెళ్ళింది.

అతని షాపు చిన్నది. గోడల నిండా కళ్ళజోళ్ళు, వందమంది ఒకేసారి చూస్తున్నట్టు. లోపలి గదిలో దీపం ఆర్పి, ఎదుటి గోడ మీద అక్షరాలు వెలిగించాడు. ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, బరువైన ఇనప ఫ్రేము ముక్కు మీద పెట్టి, లెన్సు తర్వాత లెన్సు మార్చాడు. చిన్న టార్చి పట్టుకుని దగ్గరికి వంగాడు. చీకట్లో అతని ఊపిరి, చొక్కాకు అంటిన సబ్బు వాసన, ఎక్కడో గడియారం చప్పుడు. ఆ అక్షరాలన్నీ అరిగిపోయేదాకా చదవమన్నా చదివేదే.

"కళ్ళు చాలా బాగున్నాయి," అన్నాడతను మెల్లగా.

ఆమె లెన్సుల వెనక నుంచి అతని వైపు చూసింది.

"అంటే... చూపు. చూపు బాగుందండీ," అని టార్చి కిందపడేసుకున్నాడు. దాన్ని వెతుక్కుంటూ టేబుల్ కింద నుంచి అడిగాడు. "మరి తలెందుకు వాలుస్తారు?"

చెప్పేయాలనిపించింది. నోటిదాకా వచ్చింది కూడా. వైర్లు తారుమారైన రోజు గుర్తొచ్చి మింగేసింది.

"ఊరికే. అలవాటు," అంది.

తర్వాతి శనివారం వాన మొదలైంది, ఆగే ఆలోచన లేనట్టుగా. డెమో గది కప్పు కురవడం మొదలుపెట్టింది, సరిగ్గా సోఫాకు కుడి చివర. బాబాయి అక్కడొక బకెట్ పెట్టాడు. రోజూ నిలబడే చోటు బకెట్ పాలవడంతో, గత్యంతరం లేక పిచ్చుక సోఫాకు ఎడమ చివర కూర్చుంది. కళ్ళద్దాల అబ్బాయి మధ్యలో కూర్చున్నాడు. ఆమెకు కుడివైపు.

ఆ రోజు అతను ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. జుట్టు దువ్వుకున్నాడు. వాళ్ళమ్మగారి సీడీ ఒకటి తెచ్చాడు. వాద్యాలేవీ లేకుండా ఒక స్త్రీ గొంతు నెమ్మదిగా మొదలయ్యే పాత పాట. బకెట్లో చినుకులు తాళం వేస్తున్నాయి. పసుపు వెలుతురు నీళ్ళల్లో వణుకుతోంది. ఈ పాట ఇలా సాగుతూ ఉంటే, ఈ వాన ఇలా కురుస్తూ ఉంటే, సర్వర్ కొనడం అనే సంగతి ఈ మనిషి శాశ్వతంగా మరిచిపోతే ఎంత బాగుంటుంది అనుకుంది ఆమె.

వయొలిన్లన్నీ ఒక్కసారి అందుకున్నాయి. ఆ హోరులో, స్పీకర్ల వైపే చూస్తూ, అతనేదో అన్నాడు. ఆమెకు చేరింది చివరి ముక్క ఒక్కటే: "...వెలితిగా ఉంటోంది."

బేస్ గురించి, స్పీకర్లోని లోతైన శబ్దం చాలట్లేదని అంటున్నాడు అనుకుంది. కొత్త స్పీకర్లకు అందరూ అనేదే.

"కొత్తలో అలాగే ఉంటుందండీ," అంది ధీమాగా. "ఓ రెండు వారాలు ఓపిక పట్టండి. అలవాటు పడితే అదే పోతుంది."

అతను ఆమె వైపు తిరిగాడు. "అంతేనంటారా?"

"అంతే! ఎంతమందిని చూశాను!"

పాట పూర్తి కాకముందే అతను లేచాడు. షాపు బయట వానలో గొడుగు తెరవకుండానే నడిచి వెళ్ళిపోయాడు.

తర్వాత శనివారం రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. తలుపు గంట మోగినప్పుడల్లా పిచ్చుక మెడ సాచి చూసేది. ఎవరో బ్యాటరీల కోసం వచ్చేవాళ్ళు. మూడో వారంలో బాబాయి ఫోన్ పెట్టేసి వచ్చి చెప్పాడు.

"కళ్ళద్దాల అబ్బాయి. ఆ మూడో సర్వర్ ఇంటికి పంపమన్నాడు. బిగించడానికి ఎవరైనా ఫర్వాలేదట, నువ్వు శ్రమ పడక్కర్లేదట."

"శ్రమ పడక్కర్లేదా?"

"అదే మాట. ఏమన్నావే అతన్ని?"

"నేనేమంటాను బాబాయ్? స్పీకర్ అలవాటు పడుతుందన్నాను."

కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే సర్వర్ అట్టపెట్టెకు టేపు అంటించింది. వంకరగా అంటుకుంది. బిగించే మెకానిక్ వచ్చి ఆ పెట్టె ఎత్తబోతుంటే బాబాయి, "నువ్వుండవయ్యా, నీకు నడుం నొప్పి కదా," అన్నాడు. అతనికి ఏ నొప్పీ లేదు. పెట్టె ఆటోలోకి ఎక్కింది, దాని పక్కన పిచ్చుకా ఎక్కింది.

తలుపు తీసింది కళ్ళద్దాల అబ్బాయి వాళ్ళమ్మ. పొడుగు మనిషి, తలంతా తెల్లబడింది, కళ్ళజోడు వెనక పెద్ద పెద్ద కళ్ళు. పిచ్చుకను పైనుంచి కిందిదాకా చూసింది.

"నువ్వేనా ఆ పిల్లవి?"

"ఏ పిల్లని ఆంటీ?"

"ఎంతమందిని చూశాను అన్న పిల్లవి."

పిచ్చుకకు ఏమీ అర్థం కాలేదు. ఆవిడ మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి, ఎదురుగా కూర్చుంది.

"ఇష్టం లేకపోతే లేదని చెప్పొచ్చు కదమ్మా. తప్పేం లేదు. అలవాటు పడితే పోతుందనడం ఏమిటి, జలుబుకి మందు చెప్పినట్టు? వాడు ఆ వాక్యం నా దగ్గర నాలుగుసార్లు అప్పజెప్పాడు. చివర్లో నేనే దిద్దాను కూడా."

"ఏ వాక్యం ఆంటీ?"

"'వారంలో ఆరు రోజులు మీరు కనపడకపోతే నాకు ఏదో వెలితిగా ఉంటోంది.' బాగాలేదూ?"

గ్లాసులో నీళ్ళు తొణికి ఒళ్ళో పడ్డాయి. తన జవాబులు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కొత్తలో అలాగే ఉంటుంది. ఓపిక పట్టండి. ఎంతమందిని చూశాను! దేవుడా!

"నాకు వినపడలేదు ఆంటీ."

"పాట అంత గట్టిగా పెట్టారా?"

"కాదు." ఆమె గ్లాసు కింద పెట్టింది. ఆ తర్వాత, బయటి మనిషితో మొదటిసారి, చెప్పేసింది. జ్వరం సంగతి, కుడి చెవి సంగతి, సోఫా చివర నిలబడే సంగతి, బట్టీ పట్టిన జవాబుల సంగతి. "బేస్ గురించి అన్నారనుకున్నా. బేస్ ఆంటీ! ఆ రోజు అక్కడ బకెట్ లేకపోతే..." ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఆవిడ జాలి చూపించలేదు. చిటికెన వేలితో కళ్ళజోడు పైకి తోసుకుంది.

"నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ముప్పై రెండేళ్ళు చేశాను. మా హెడ్‌సెట్లకి ఒక్కటే చెవి ఉండేది. ఊరందరి కబుర్లూ, పేచీలూ, పెళ్ళి ఖాయాలూ ఆ ఒక్క చెవితోనే విన్నాను. నాకేం తక్కువైంది? లే. ఈ పెట్టె ఎక్కడికీ పోదు. వాడు మాత్రం ఆరింటికల్లా షాపు మూసేస్తాడు."

పిచ్చుక వెళ్ళేసరికి లోపలి గదిలో ఎత్తు కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు, ముక్కు మీద ఆ ఇనప ఫ్రేముతో. కళ్ళద్దాల అబ్బాయి ఆమెను చూసి లెన్సు పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆపేశాడు.

"సర్వర్ పనిచేయట్లేదా?" అన్నాడు పొడిగా.

"నాకు కుడి చెవి పనిచేయదు," అంది ఆమె.

పరిగెత్తుకొచ్చిన ఆయాసం ఇంకా తగ్గలేదు. తడి జుట్టు నుదుటికి అంటుకుంది. అయినా ఆగలేదు. "చిన్నప్పుడు పోయింది. ఆ రోజు మీరు అటువైపు కూర్చున్నారు. వెలితి అన్న మాటొక్కటే చేరింది నాకు. స్పీకర్‌కి అనుకుని జవాబు చెప్పాను. మీకు కాదు."

అతను లెన్సు నెమ్మదిగా పెట్టెలో పెట్టాడు. తప్పు పెట్టెలో.

"వైర్లు మారిన రోజు..."

"బట్టీ పట్టింది అప్పజెప్పాను."

"తల వాల్చడం..."

"మీ మాట వినడానికి."

అతని పెదవులు వణికాయి. నవ్వడానికో, ఇంకెందుకో. "ఈ మూడు వారాలూ మీరు చెప్పినట్టే చేశానండీ. అలవాటు పడటానికి చాలా ప్రయత్నించాను."

"పడ్డారా?"

"లేదు."

"బాబూ," అన్నాడు కుర్చీలో పెద్దాయన. "నన్ను పంపించి మాట్లాడుకోండి, లేదా ఈ అద్దాలైనా తీయండి. మీరిద్దరూ నలుగురిలా కనపడుతున్నారు నాకు."

ఫ్రేము తీసి ఆయన్ను ముందు గదిలో కూర్చోబెట్టి వచ్చాడతను. చుట్టూ తిరిగి ఆమెకు ఎడమవైపు నిలబడ్డాడు. అంత దగ్గరగా ఎవరి మాటా ఆమె ఎప్పుడూ వినలేదు.

"ఆ వాక్యమే మళ్ళీ చెప్పనా? అది అమ్మ దిద్దిందండీ."

"మీది చెప్పండి."

కిటికీ మీద వాన జారుతోంది. వీధిదీపం అప్పుడే వెలిగి, తడి అద్దంలోంచి గదినంతా మసకగా, బంగారు రంగులో ముంచింది.

"నాకు శనివారాలు చాలట్లేదు," అన్నాడతను. "రోజూ కావాలి. మీరు."

ఆమె కళ్ళు మూసుకుంది. ఆ మాట లోపల ఎక్కడిదాకా వెళుతుందో వింటున్నట్టు కాసేపు అలాగే ఉండిపోయింది.

"వినిపించింది," అంది.

"నాకూ వినిపించింది!" అన్నాడు ముందు గదిలోంచి పెద్దాయన.

ఆ ఆదివారం మధ్యాహ్నం బాబాయి కూడా కళ్ళద్దాల అబ్బాయి ఇంటికి వచ్చాడు, బిగింపు సరిగ్గా ఉందో లేదో చూసే నెపంతో. వచ్చేముందు పిచ్చుక ఆయనతో ఒక మాట తేల్చేసింది: ఇకనుంచి డెమో గదికి వచ్చే ప్రతి ఒక్కరికీ తన చెవి సంగతి ముందే చెబుతుంది, ఆపైన కొనేవాళ్ళు కొంటారు. బాబాయి కాసేపు గడ్డం గోక్కుని, "చెప్పు. పోయేవాళ్ళు పోతే సోఫా అయినా మిగులుతుంది," అన్నాడు.

పదకొండు అట్టపెట్టెల్లో ఎనిమిది ఖాళీ అయ్యాయి. అనాకారి సర్వర్ ఒక్కో సీడీ మింగుతుంటే వాళ్ళమ్మ పక్కన కూర్చుని, స్క్రీన్ మీద పెద్ద అక్షరాలు పైకి చదువుతూ మురిసిపోతోంది. సెట్టింగుల్లో ఒకచోట ఆవిడ వేలు ఆగింది.

"మోనో అని ఉంది. ఏమిటిది?"

"రెండు స్పీకర్లలోనూ పాటంతా ఒకేలా వస్తుంది ఆంటీ. ఎటు కూర్చున్నా ఏదీ తప్పిపోదు."

"అయితే అది పెట్టు."

"వద్దాంటీ, స్టీరియో పోతుంది. ఇంత మంచి సర్వర్‌కి అన్యాయం."

"నాకు స్టీరియో వద్దే అమ్మాయ్, కోడలు కావాలి," అని ఆవిడ తనే ఆ అక్షరాల మీద వేలు పెట్టేసింది.

కళ్ళద్దాల అబ్బాయి చేతిలోని సీడీని అవసరం లేకపోయినా తుడవడం మొదలుపెట్టాడు. బాబాయి కప్పు కేసి చూస్తూ దగ్గాడు. "నాకేం అభ్యంతరం లేదండీ. అమ్మాయి ఏమంటుందో అడగండి."

అందరూ పిచ్చుక వైపు తిరిగారు. ఆమె మొహం దాచుకోవడానికి సర్వర్ మీదికి వంగింది. పాటల జాబితా పైకీ కిందికీ రెండుసార్లు జరిపింది. ఒక్క పేరూ కంటికి ఆనలేదు.

కాసేపటికి తలెత్తకుండానే అడిగింది.

"ముందు ఏ పాట పెట్టమంటారు, అత్తయ్యా?"